కుళాయి రిజిస్టరు: మా ఊరి పిల్లల జట్టు ప్రాజెక్టు డైరీ

ఊళ్లో టీనేజీ పిల్లలతో జట్టు కట్టి, వాళ్లచేత ఊరి పని చేయించాలని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది కృష్ణా డెల్టాలో శివారు గ్రామం. కాలువ నీళ్లు మంచినీళ్ల చెరువులోకి, అక్కడి నుంచి ఫిల్టర్ బెడ్లకి, తర్వాత 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కి, వీధి కుళాయిలకి వస్తాయి. నేను సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. జట్టులోవాళ్లంతా 13 నుంచి 17 ఏళ్ల లోపువాళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో కొలిచి రిజిస్టరులో రాయడం, చివరికి వాళ్లు ఎంచుకున్న పని.

నాయకత్వం గురించి క్లాసు చెప్తే పిల్లలు నోట్సు రాసుకుంటారు, అంతే. ఊరికి అవసరమైన పని ఒకటి, దానికయ్యే డబ్బు, దాని మీద నిర్ణయం, ఈ మూడూ వాళ్ల చేతికిస్తేనే ముందుకొచ్చి నిలబడతారని నా నమ్మకం. ఆ మూడూ చేతికిచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఇబ్బంది వచ్చిందో, ఏం మార్చామో వరసగా రాస్తాను.

మొదటి దశ: ఎవరిని తీసుకోవాలి (జులై)

"లీడర్లుగా ఎవరు పనికొస్తారు?" అని స్కూల్లో అడిగితే 22 పేర్లు వచ్చాయి. క్లాస్ ఫస్టులు, స్టేజీ మీద బాగా మాట్లాడేవాళ్లు, ఊరి పెద్దల పిల్లలు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు.

మానేసినవాళ్ల ఇళ్లకెళ్లి కారణం అడిగాం. పదో తరగతివాళ్లకి పొద్దునా సాయంత్రం స్టడీ అవర్లు. అమ్మాయిలకి మీటింగు టైముతో ఇబ్బంది, రాత్రి ఏడు గంటలకి ఇంట్లోంచి ఎవరు పంపిస్తారు? అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఎస్సీ కాలనీ అబ్బాయి చెప్పాడు. మీటింగులు రామాలయం అరుగు మీద జరిగేవి. "కూర్చోమని మీరంటారక్కా. కూర్చున్నాక ఎవరో ఒకరు ఏదో ఒక మాట అంటారు. ఆ మాట పడటానికి మేమెందుకు రావాలి?" అన్నాడు. మీరు కూడా మీటింగు చోటు ఖాయం చేసేముందు ఒక్కటి చూసుకోండి: ఆ చోటికి ఊళ్లో ప్రతి ఇంటి పిల్లా తలెత్తుకుని నడిచి రాగలగాలి. అది కుదరకపోతే మిగతా ప్లాన్ ఎంత బాగున్నా పనికిరాదు.

మార్చినవి:

1. చోటు స్కూలు వరండాకి మార్చాం.
2. టైము సాయంత్రం ఐదు. చీకటి పడకముందే అందరూ ఇళ్లకి చేరాలి.
3. సిఫార్సులు ఆపేశాం. ఎవరైనా రావచ్చు, ఒక పని బాధ్యత మాత్రం తీసుకోవాలి.
4. వీధి పనికి ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరంవాళ్లు. పదో తరగతివాళ్లు ఆదివారం వచ్చి, మిగతావాళ్లు రాసింది సరిచూస్తే చాలు.
5. అమ్మానాన్నల సంతకంతో ఒప్పుకోలు కాగితం.

మూడో మార్పుతో స్కూల్లో ఎవరూ పేరు చెప్పని పిల్లలు వచ్చారు. క్రికెట్ బ్యాచ్ కుర్రాళ్లు ఇద్దరు, బడి అయ్యాక అమ్మతో కూలికి వెళ్లే అమ్మాయి ఒకరు. ఆ తర్వాత ఎక్కువ బరువు మోసింది ఈ ముగ్గురే.

*ఇప్పటిదాకా లెక్క: జట్టు 14 మంది, అందులో అమ్మాయిలు 6. చేతిలో డబ్బు 3,500 (నేనిచ్చింది 2,000, పాత స్టూడెంట్లు ఇచ్చింది 1,500). ఖర్చు సున్నా.*

రెండో దశ: ఏ పని (ఆగస్టు)

ఆగస్టు 15న ర్యాలీ, ప్లాస్టిక్ ఏరివేత పెట్టాం. మూడు బస్తాల చెత్త వచ్చింది, ఫొటోలు బాగా వచ్చాయి. వారానికల్లా మురికి కాలువ మళ్లీ మామూలే. ఆ పనిలో కొలిచేదేమీ లేదు, మర్నాడు చెయ్యాల్సింది లేదు, ఏం చెయ్యాలో చెప్పిందంతా పెద్దలే. పిల్లలు వచ్చి చెయ్యి కలిపి వెళ్లిపోయారు.

అప్పుడు వాళ్లనే అడిగాం: ఊళ్లో మీకు రోజూ చిరాకు తెప్పించేది ఏంటి? జవాబులు కాగితాల మీద పేరు లేకుండా రాయించాం. బస్సు టైమింగులు, కుక్కలు, వీధి దీపాలు, ఇలా చాలా వచ్చాయి. ఒక కాగితం మీద, "కుళాయి నీళ్లు ఒకరోజు బ్లీచింగ్ వాసన గుప్పుమంటాయి, పది రోజులు అసలేమీ ఉండదు, ఎందుకు?" అని ఉంది. ఓటు పెడితే అదే గెలిచింది. నాకు బస్సు పని నచ్చింది, అయినా ఓటు వాళ్లది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. క్లోరిన్ కలిపిన నీళ్లు కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ (బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ క్రిముల్ని చంపాక నీళ్లలో ఇంకా మిగిలేది) ఉండాలని అది చెప్తుంది. కొలవడానికి ఒక గొట్టం, ఒక రంగుల చార్టు చాలు.

మొదట దొరికింది ఆర్థోటాలిడిన్ చుక్కల కిట్. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగులోకి తిరుగుతాయి. ఆ రసాయనం ఒంటికి మంచిది కాదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. దాన్ని పక్కనపెట్టి డీపీడీ మాత్రల కిట్ కొన్నాం. ఇందులో నీళ్లు గులాబీ రంగులోకి వస్తాయి. మాలాగే ఈ పని చెయ్యాలనుకునేవాళ్లు నేరుగా ఇదే కొనండి.

కొలిచే పద్ధతి:

1. కుళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్లు వదలాలి. ఆ నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకి పోయాలి.
2. అదే కుళాయి నీళ్లతో గొట్టం మూడుసార్లు కడగాలి.
3. గీత దాకా పట్టి, చెయ్యి తగలకుండా మాత్రని రేకులోంచి నేరుగా గొట్టంలో వెయ్యాలి.
4. మూతపెట్టి ఆడించి, మాత్ర కరగగానే చార్టు పక్కన పెట్టి చూడాలి. ఆలస్యమైతే రంగు మారుతుంది.
5. వెనక తెల్ల కాగితం పెట్టుకోవాలి. పగటి వెలుతురులోనే చదవాలి.
6. టైము, కుళాయి నంబరు, రీడింగు రాసి, కుళాయి దగ్గరి ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి.

ఈ ఆరింట్లో సగం తర్వాత చేర్చినవే. ఒకే కుళాయి దగ్గర ఇద్దరు కొలిస్తే ఇద్దరికీ వేరే అంకెలు వచ్చేవి. ఒకరు ఎల్‌ఈడీ బల్బు కింద చదివారు, ఇంకొకరు ఎండలో. ఒకరు రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లు పట్టారు, ఇంకొకరు వాల్వు తిప్పిన అరగంటకి పట్టారు. అందుకే వెలుతురు, టైము ఖాయం చేశాం.

సంతకం గడి పెట్టడానికి వేరే కారణం ఉంది. ఒక అబ్బాయి రిజిస్టరులో వరసగా 0.2 తప్ప ఇంకో అంకె లేదు. ఆదివారం తనిఖీలో పదో తరగతి అమ్మాయి పట్టుకుంది. వాడు ఇంట్లో కూర్చుని రాశాడు. తీసెయ్యాలని కొందరు, ఒక ఛాన్స్ ఇవ్వాలని కొందరు, అరగంట వాదించుకున్నారు. నేను నోరు మెదపలేదు. ఎందుకు రాశావని వాణ్ని కూర్చోబెట్టి అడిగారు. వాడి కుళాయి ఊరి చివరుంది, సైకిల్ లేదు, తెల్లారి నీళ్లొచ్చే టైముకి నడిచి వెళ్లి బడికి అందుకోలేకపోతున్నాడు. కుళాయి మార్చి, ఇంటివాళ్ల సంతకం నిబంధన పెట్టి, ఆ సంతకాలు సరిచూసే పని వాడికే ఇచ్చారు. ఆ తీర్పు నేను చెప్పి ఉంటే ఇంత బాగుండేది కాదు.

మొదటి వారం 12 కుళాయిలు: 0.2 లేదా పైన 3, 0.1 దగ్గర 4, సున్నా 5. సున్నా వచ్చినవాటిలో మూడు ఎస్సీ కాలనీవి, రెండు కాలువ గట్టు వీధివి. ట్యాంకు పక్క కుళాయిలో 0.5 ఉన్న రోజే అక్కడ సున్నా ఉంది.

*ఇప్పటిదాకా లెక్క: కిట్, మాత్రలు 950, రిజిస్టర్లు, పెన్నులు 180. మిగిలింది 2,370.*

మూడో దశ: మీటింగులో ఎవరు మాట్లాడుతున్నారు (సెప్టెంబరు)

ఈ ప్రాజెక్టులో నేను కొలిచింది క్లోరిన్ ఒక్కటే కాదు. నలభై నిమిషాల మీటింగుకి ఒక అమ్మాయి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, ఎవరు ఎంతసేపు మాట్లాడారో గీతలు పెట్టమన్నాను. పెద్దలం, అంటే నేను, ఒక మాస్టారు కలిపి 27 నిమిషాలు. అబ్బాయిలు 11. అమ్మాయిలు ఆరుగురూ కలిపి 2.

ఇంత తేడా ఉంటుందని అనుకోం, కాబట్టి మీ జట్టులో కూడా ఒకసారి కొలిచి చూడండి. తర్వాత చేసిన మార్పులు ఇవి:

1. పెద్దలు వరండాలో కాదు, గేటు దగ్గర కూర్చుంటారు. పిలిస్తేనే వస్తారు.
2. అధ్యక్షత వారానికొకరికి, అక్షర క్రమంలో. బాగా మాట్లాడేవాళ్లే ప్రతిసారీ ఎక్కకూడదు.
3. ప్రతి అంశం మీదా ముందు మాట్లాడనివాళ్లని అడగాలి, ఆ తర్వాతే చర్చ.
4. రీడింగు ఎవరు తీసుకున్నారో దాని గురించి వాళ్లే చెప్పాలి.

నాలుగోది బాగా పనిచేసింది. "నువ్వు కూడా ఏదో ఒకటి మాట్లాడమ్మా" అంటే తలదించుకునే పిల్ల, "ఏడో నంబరు కుళాయి ఎందుకు సున్నా?" అంటే ఆగకుండా చెప్పింది. వాల్వు ఎప్పుడు తిప్పారు, ఏ ఇంట్లో మోటారు పెట్టి లాగుతున్నారు, అన్నీ ఆ పిల్లకే తెలుసు. నెలాఖరు కొలత: పెద్దలు 6 నిమిషాలు, అబ్బాయిలు 19, అమ్మాయిలు 15.

డబ్బు విషయం కూడా ఈ దశలోనే. కోశాధికారులు ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వాళ్లిద్దరి సంతకం ఉంటే చాలు, నా సంతకం అక్కర్లేదు. మొదటి నిర్ణయం: 14 టోపీలు, ఒక్కోటి 60 రూపాయలు, మొత్తం 840. టోపీ పెట్టుకుంటే ఇంటివాళ్లు గుర్తుపట్టి కుళాయి దగ్గరికి రానిస్తారని వాళ్ల వాదన. అదీ నిజమే. కానీ ఆ హడావుడిలో మాత్రలు అయిపోతున్న సంగతి ఎవరూ చూడలేదు. తొమ్మిది రోజులు రిజిస్టరు ఖాళీ. నా దగ్గర డబ్బుంది, మాత్రలు తెప్పించగలను, అయినా తెప్పించలేదు. ఆ ఖాళీ గడులు చూసి వాళ్లే నిబంధన రాసుకున్నారు: పదిహేను రోజుల మాత్రలు పెట్టెలో ఉంటేనే వేరే ఖర్చు.

*ఇప్పటిదాకా లెక్క: టోపీలు 840, కొత్త మాత్రలు 400. మిగిలింది 1,130. జట్టు 14.*

నాలుగో దశ: పంచాయతీకి కాగితం (సెప్టెంబరు, అక్టోబరు)

మొదటి వినతిపత్రంలో ఎనిమిది డిమాండ్లు ఉన్నాయి. అందుకున్నవాళ్లు పిల్లల్ని మెచ్చుకున్నారు, స్వీట్లు పెట్టారు, ఫొటో దిగారు. పని ఒక్కటీ కాలేదు.

రెండో కాగితంలో ఒక్కటే ప్రశ్న: ట్యాంకులో బ్లీచింగ్ ఏయే తేదీల్లో, ఎంత కలిపారు? దీన్ని 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చట్టంలో వయసు షరతు లేదు. అయినా పిల్లల పేర్లు, చిరునామాలు కాగితం మీద పడకూడదని ఒక తల్లి సంతకంతో ఇచ్చాం. ముట్టినట్టు స్టాంపు వేయించుకోవడం మరిచిపోవద్దు.

ఈలోగా అక్టోబరు 2 గ్రామసభ వచ్చింది. గ్రామసభలో సభ్యులంటే ఓటరు జాబితాలో ఉన్నవాళ్లు. పద్దెనిమిది నిండనివాళ్లకి ఆ హక్కు లేదు, సభవాళ్లు ఒప్పుకుంటేనే మాట్లాడాలి. పిల్లలు రాసిన అర్జీలో రెండు విషయాలు పెట్టారు. ఒకటి, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం: తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి, భారతదేశం 1992లో దీన్ని ఆమోదించింది. రెండు, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలకి ఇచ్చిన తొమ్మిది ఇతివృత్తాల్లో బాలల స్నేహపూర్వక పంచాయతీ ఒకటి. ఆ అర్జీ చదివి నాలుగు నిమిషాలు ఇచ్చారు.

నాలుగు నిమిషాల కోసం మూడు సాయంత్రాలు ప్రాక్టీసు చేశారు. "మీ వయసెంత?", "మీ వెనక ఎవరున్నారు?", "చదువుకోక ఈ పనులేంటి?" అని జట్టులోవాళ్లే అడ్డం పడుతుంటే, ఆగకుండా అంకెలు చెప్పడం. అయినా సభలో ఒక నిమిషానికే ఒక పెద్దాయన మైకు తీసుకుని పిల్లల్ని దీవిస్తూ ప్రసంగం మొదలుపెట్టారు. మాట్లాడుతున్న అమ్మాయి పక్కకి జరిగి, చేతిలో ఉన్న చార్టు విప్పి సభ వైపు పట్టుకుంది. పన్నెండు కుళాయిలు, పన్నెండు అంకెలు, సున్నాలు ఎర్రగా. ముందు వరసలోని ఆడవాళ్లు తమ వీధి నంబరు వెతుక్కోవడం మొదలుపెట్టారు. మర్నాడు నుంచి కుళాయి దగ్గర సంతకాలకి ఇబ్బంది రాలేదు. మీ పిల్లలకి మాట నేర్పించండి, కానీ మైకు పోయినా చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండేట్టు చూడండి.

ఐదో దశ: బ్లీచింగ్ మూట (అక్టోబరు, నవంబరు)

సమాచార హక్కు దరఖాస్తుకి గడువులోపే జవాబు వచ్చింది: "క్రమం తప్పకుండా కలుపుచున్నాము." తేదీలు లేవు, తూకం లేదు. అప్పీలుకి వెళ్దామని కొందరన్నారు. కూలికి వెళ్లే అమ్మాయి మాత్రం, "ముందు కలిపే ఆయన్ని అడుగుదాం" అంది. ట్యాంకు దగ్గరికి నలుగురు వెళ్లారు.

"బాబాయ్, ఈ మూట ఎప్పుడు విప్పారు?"

"వినాయక చవితికి ముందమ్మా."

మూట నోరు తెరిచే ఉంది. కింద తేమకి పౌడర్ గడ్డకట్టింది. గాలి, వెలుతురు, తేమ తగిలితే బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ ఎగిరిపోతుంది. ఆయన రోజూ ఒక మగ్గు పోస్తూనే ఉన్నాడు. ఏ రోజు మగ్గులో ఎంత బలం ఉందో ఎవరికీ తెలియదు. ఆయనకి తూకం యంత్రం ఎవరూ ఇవ్వలేదు, చేతికి తొడుగులు కూడా లేవు. ఆయన్ని నిందించడానికి వెళ్లినవాళ్లు ఆయన పక్షాన అర్జీ రాసుకుని తిరిగొచ్చారు.

తొమ్మిదో తరగతి లెక్కలతో సరిపోయింది:

1. ట్యాంకు 40,000 లీటర్లు. లీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున కావలసిన క్లోరిన్ 40 గ్రాములు.
2. కొత్త పౌడర్‌లో బరువుకి సుమారు 33 శాతం క్లోరిన్. కాబట్టి పౌడర్ దాదాపు 120 గ్రాములు.
3. అదే పౌడర్ 15 శాతానికి పడిపోతే 265 గ్రాములకి పైన కావాలి.
4. మట్టి, నాచు కొంత క్లోరిన్‌ని మింగేస్తాయి. అందుకని చివరి కుళాయి రీడింగు చూసుకుంటూ మోతాదు పెంచాలి.
5. కలిపాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి.

జట్టు మూత బిగుతుగా పట్టే డ్రమ్ము (520), వంటింటి డిజిటల్ త్రాసు (380) కొని బాబాయికి ఇచ్చింది. పంచాయతీ కొత్త మూట, చేతి తొడుగులు ఇచ్చింది. పౌడర్ ముట్టుకోవడం, కలపడం ఆయన పనే. పిల్లలు మెట్ల దగ్గరికి కూడా వెళ్లకూడదు, వాళ్లు కుళాయి దగ్గర కొలిచి చెప్తారు, ఆయన గ్రాములు సరిచేస్తాడు. ఆ మోతాదు 240 గ్రాముల దగ్గర నిలబడింది.

రీడింగులు అందరికీ కనబడాలని టీ కొట్టు పక్క గోడ మీద నల్ల రంగు వేసి బోర్డు చేశారు (190). గ్రామసభకి రానివాళ్లు కూడా టీకి వస్తారు. వీధివారీగా అంకెలు చూసి, "మా వీధిది ఇవాళ రాయలేదేంటి?" అని జట్టుని నిలదీయడం మొదలైంది.

గొడవ కూడా ఆ బోర్డుతోనే వచ్చింది. మోటారు పెట్టి నీళ్లు లాగుతున్న ఇంటాయన, "ఆడపిల్లని ఊరి మీదకి వదిలేశావా?" అని ఒక అమ్మాయి నాన్నని నలుగురిలో అన్నాడు. ఆ అమ్మాయి వారం రాలేదు. నేను వెళ్లి నచ్చచెప్తే ఆ ఇంటికి ఇంకా కష్టమయ్యేది. మిగతా అమ్మాయిలు డ్వాక్రా సంఘం నెల మీటింగుకి రిజిస్టరు పట్టుకెళ్లారు. సంఘంలో ఒక మామ్మగారు దూబగుంట సంగతి ఎత్తారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు, అది ఊరూరా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. "వాళ్లనీ ఇలాగే అన్నారు" అన్నారావిడ. ఆ సాయంత్రం సంఘం వాళ్లు నలుగురు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లారు. పిల్ల తిరిగొచ్చింది. అప్పటినుంచి నిబంధన: కుళాయి దగ్గరికి ఇద్దరిద్దరే వెళ్లాలి, బోర్డు మీద ఇంటి పేరు రాయకూడదు, వీధి పేరు చాలు. సంఘం 1,000 రూపాయలు కూడా ఇచ్చింది.

*నవంబరు చివర లెక్క: 12 కుళాయిల్లో 0.2 లేదా పైన 8, 0.1 దగ్గర 3, సున్నా 1. చేతిలో డబ్బు 1,040. జట్టు 17, అమ్మాయిలు 9.*

ఆరో దశ: పరీక్షలు, ఎండాకాలం, అప్పగింత (ఫిబ్రవరి నుంచి జూన్)

సంక్రాంతి తర్వాత పిల్లలు రీడింగులు తీసుకోవడం తగ్గుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. మా దగ్గర రోజూ కొలిచేది వారానికి రెండుసార్లకి కుదించారు. మార్చి, ఏప్రిల్‌లో పరీక్షలైపోయేదాకా అంతే. ఎండాకాలం కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లు దిగిపోయి పాకుడు వాసన వస్తుంది, క్లోరిన్ ఎక్కువ పడుతుంది. మేలో మళ్లీ నాలుగు కుళాయిలు 0.1 కి పడిపోయాయి. 240 గ్రాముల లెక్క ఆ నీళ్లకి చాలలేదు, బాబాయి 300 కి పెంచారు.

అప్పగింతకి ఏడో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చినవాళ్లని తీసుకున్నారు. ఒక్కో పాత సభ్యుడి వెనక కొత్తవాళ్లు ఒకరు నెలరోజులు తిరగాలి, తర్వాత నెల పాతవాళ్లు వెనక నడవాలి. మొదట్లో పెద్దపిల్లలు గొట్టం చిన్నవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు కాదు, పెద్దలం మేము చేసినట్టే. మళ్లీ స్టాప్‌వాచ్ తీశాం. ఈసారి గీతలు పెట్టింది ఎనిమిదో తరగతి అబ్బాయి.

మిగిలిన పనులు ఇవి. కాలనీ చివరి కుళాయి ఇంకా సున్నాకి 0.1 కి మధ్యే ఉంది. అక్కడ లైను చివర నిలవ నీళ్లు బయటికి వదిలే వాల్వు లేదు. దాని అంచనా కాగితం ఇంజనీరింగ్ అసిస్టెంట్ దగ్గర ఉంది, దాని వెంట పడే బాధ్యత ఇంటర్‌కి వెళ్లిన ఇద్దరు తీసుకున్నారు. మాత్రల డబ్బు సెప్టెంబరు దాకా సరిపోతుంది. ఆ తర్వాత పంచాయతీ నిధుల్లోంచి ఇవ్వమని అర్జీ రాస్తున్నారు. కుళాయిలు 12 నుంచి 16 కి పెంచాలా వద్దా అన్నది జులై మొదటి మీటింగులో ఓటుకి పెడతారు.